ఒమర్ ముఖ్తార్ గురించి రాసేటప్పుడు ఎవరి మాట నమ్మాలి?

మీరు అడిగింది ఇది: లిబియాలో ఇటలీ మీద పోరాడిన ఒమర్ అల్ ముఖ్తార్ గురించి తెలుగులో పెద్ద వ్యాసం రాస్తున్నారు. ఇటలీ వైపు పాత రాతలు ఆయన్ను తిరుగుబాటుదారు, దోపిడీ ముఠాల నాయకుడు అంటున్నాయి. అరబ్బు రాతలు మచ్చలేని వీరుడంటున్నాయి. ఇద్దరికీ చెరి సగం చోటిస్తే నిష్పక్షపాతం అవుతుందా? తేదీలూ అంకెలూ పొసగనప్పుడు దేన్ని నమ్మాలి?

చెరి సగం పంచితే నిష్పక్షపాతం రాదు. అభిప్రాయాలను పక్కపక్కన పెట్టవచ్చు గానీ, రుజువున్న సంగతికీ రుజువు లేని సంగతికీ సమాన గౌరవం ఇవ్వకూడదు. ఉత్తర ఆఫ్రికా చరిత్ర మీద వచ్చే తెలుగు రాతలను చాలాకాలంగా చదువుతున్నాను, అడిగినవారికి దిద్ది పెడుతున్నాను. వాటిలో పొగడ్త కన్నా, తెగడ్త కన్నా ఎక్కువ హాని చేసే లోపం ఒకటుంది. ముఖ్తార్‌ను ఒంటరి మనిషిగా చూపిస్తారు. ఒక ముసలి వీరుడు, ఒక క్రూర సేనాని, ఒక ఉరికంబం. ఆయన్ను ఉరితీసిన ప్రభుత్వానికి ఈ కథే కావాలి, ఆ తర్వాత ఆయన బొమ్మను వాడుకున్న ప్రభుత్వానికీ ఈ కథే కావాలి. అందులో చోటు దొరకనిది తూర్పు లిబియా కొండల నుంచి ఇటలీ సైన్యం శిబిరాల్లోకి తోలుకుపోయిన లక్ష మంది మనుషులకు. మీ వ్యాసం నిజాయతీ అంతా వాళ్ళకు ఎన్ని పేరాలు ఇచ్చారన్న దాని మీద ఆధారపడుతుందని నా గట్టి నమ్మకం.

ముందు చిన్న వివరాలు చూద్దాం. పుట్టిన సంవత్సరం కొన్నిచోట్ల 1858, కొన్నిచోట్ల 1861, కొన్నిచోట్ల 1862 అని ఉంటుంది. జనన నమోదు లేని సమాజంలో ఇది సహజం. ఏదో ఒకటి ఎంచుకుని ఖాయంగా రాయకుండా "1858, 1862 మధ్య" అనండి. 1931లో ఉరితీసేనాటికి డెబ్బై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాడని చెప్తే చాలు. పుట్టిన ఊరు జంజూర్. ఇది తోబ్రూక్ ప్రాంతంలోని జంజూర్. ట్రిపోలీ పక్కన అదే పేరుతో మరో ఊరు ఉంది కాబట్టి పటం మీద ఆయన్ను వెయ్యి కిలోమీటర్లు పడమటికి జరిపేసిన వ్యాసాలు కనిపిస్తాయి. తెగ మినీఫా. సిరెనైకాలో, అంటే తూర్పు లిబియాలో, భూమి మీద మూలహక్కు ఉన్న సాదీ తెగలు వేరు, వాళ్ళ అండన బతికే మరాబ్తీన్ తెగలు వేరు. మినీఫాలు రెండో కోవకు చెందినవాళ్ళు. ఇది దాటవేయదగ్గ వివరం కాదు. పెద్ద తెగల మనుషులు చిన్న తెగలో పుట్టినవాడి ఆజ్ఞకు ఎందుకు కట్టుబడ్డారన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. దానికి జవాబు సనూసీ సంఘంలో ఉంది.

సనూసీలు 19వ శతాబ్దంలో పుట్టిన సూఫీ సంఘం. వాళ్ళ జావియా అంటే బడి, మసీదు, సత్రం, ధాన్యాగారం, తగవులు తీర్చే చావడి, అన్నీ ఒకేచోట. ముఖ్తార్ జగ్బూబ్‌లో చదువుకున్నాడు, అల్ కుసూర్ జావియాకు షేక్‌గా పనిచేశాడు, ఆ శతాబ్దం చివర చాద్ వైపు వెళ్ళి ఫ్రెంచివాళ్ళ మీద సాగిన పోరులో పాలుపంచుకున్నాడు. కాబట్టి "ఖురాన్ చెప్పుకునే పల్లెటూరి పంతులు ఉన్నట్టుండి తుపాకీ పట్టాడు" అన్న వాక్యం మీ చిత్తుప్రతిలో ఉంటే కొట్టేయండి. వినడానికి బాగుంటుంది గానీ, ఎన్నో ఏళ్ళ పాలనానుభవాన్నీ యుద్ధానుభవాన్నీ అది తుడిచేస్తుంది. 1922 చివర సనూసీ అధిపతి ఇద్రీస్ ఈజిప్టుకు వెళ్ళిపోయాక, ఆయన ప్రతినిధిగానే ముఖ్తార్ కొండల్లో యుద్ధం నడిపాడు. తెగల దగ్గర పన్ను వసూలు, తగవుల తీర్పు, కబురు చేరవేత అన్నీ ఆ పేరు మీదే సాగాయి.

ఈ సంగతి అరబ్బు రాతల్లో ఎందుకు పలచబడిందో గమనించండి. 1969లో గడాఫీ కూలదోసింది ఇదే ఇద్రీస్‌ను, అప్పటికి ఆయన లిబియా రాజు. ముఖ్తార్ కావాలి, సనూసీలు వద్దు. అందుకని గడాఫీ కాలపు ప్రచారంలో ముఖ్తార్ ఏ సంఘానికీ చెందని జాతీయ విప్లవకారుడిగా మారిపోయాడు. పది దీనార్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది, సనూసీల పేరు పాఠాల్లో తగ్గింది. బెంగాజీలో ఉన్న సమాధిని తర్వాత సలూక్‌కు తరలించారు. ఆ కాలపు లిబియా పుస్తకాన్ని ఆధారంగా తీసుకుంటే ఈ కోత ఎక్కడ పడిందో చూసుకుని తీసుకోండి. "లిబియా స్వాతంత్ర్యం కోసం" అని రాసేటప్పుడూ జాగ్రత్త. ట్రిపోలీ ప్రాంతం, సిరెనైకా రెండు వేర్వేరు పాలనలుగా ఉండేవి, ఇటలీ వాటిని ఒకే కాలనీగా కలిపింది 1934లో. అప్పటికి ముఖ్తార్ చనిపోయి మూడేళ్ళు. దేశం స్వతంత్రమైంది 1951 డిసెంబర్ 24న.

ఇంకో దురభిప్రాయం ఎడారి. "ఎడారి సింహం" అన్న బిరుదు 1981లో వచ్చిన ఆంగ్ల చిత్రం పేరుతో ప్రపంచమంతా పాకింది. ముఖ్తార్ యుద్ధం జరిగింది జబల్ అఖ్దర్‌లో, అంటే పచ్చకొండలో. సముద్రం పక్కనుంచి మెట్లు మెట్లుగా లేచే పీఠభూమి అది. వాన పడుతుంది, జునిపర్ పొదల అడవులున్నాయి, సున్నపురాతి గుహలూ లోతైన లోయలూ ఉన్నాయి. ఒక్కోసారి వందల సంఖ్యలో, ఎక్కువైతే వెయ్యి పైచిలుకు మంది మాత్రమే ఉన్న దళాలు, విమానాలూ సాయుధ వాహనాలూ ఉన్న సైన్యాన్ని తొమ్మిదేళ్ళ పాటు నిలువరించగలగడానికి ఆ నేల ఒక కారణం. రెండో కారణం జనం. పగలు ఇటలీకి లొంగినట్టు నమోదైన పాళెం రాత్రి దళానికి ధాన్యం, మందుగుండు, మనుషులను ఇచ్చేది. ఇసుకతిన్నెల మీద ఒంటరి గుర్రం బొమ్మ వేస్తే ఈ రెండు కారణాలూ కనపడకుండా పోతాయి.

ఇక మీ వ్యాసానికి ఆయువుపట్టు లాంటి ఒక్క ఘటన దగ్గర ఆగుదాం. 1929 జూన్ 19న అల్ మర్జ్ సమీపంలో సీదీ రహూమా దగ్గర లిబియా గవర్నరు బదోలియో, ముఖ్తార్ ముఖాముఖి కలిశారు. బదోలియో దాన్ని లొంగుబాటుగా ప్రకటించాడు. ముఖ్తార్ దృష్టిలో అది చర్చల కోసం కుదిరిన సంధి. ఇటలీ మాట తప్పిందని అక్టోబరులో ఈజిప్టు పత్రికలకు లేఖ రాశాడు, నవంబరుకల్లా పోరు మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మీరు "1929లో లొంగిపోయిన ముఖ్తార్ కొద్ది నెలల్లోనే తిరగబడ్డాడు" అని రాశారనుకోండి. చూడటానికి పొగడ్తా లేదు, నిందా లేదు, చప్పని సమాచారం. కానీ ఆ ఒక్క వాక్యంతో మీరు రెండేళ్ళ తర్వాత బెంగాజీ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు మీద సంతకం పెట్టినట్టే. లొంగినవాడు తిరగబడితే దేశద్రోహి, శిక్ష మరణం. లొంగనివాడు పట్టుబడితే యుద్ధఖైదీ. విచారణలో ముఖ్తార్ తాను ఎన్నడూ లొంగలేదని చెప్పాడు. ఇటలీ ప్రభుత్వమే నియమించిన డిఫెన్సు అధికారి కెప్టెన్ రొబెర్తో లొంతానో కూడా ఆయన్ను ద్రోహిగా కాక ప్రత్యర్థిగా చూడాలన్న తీరులో వాదించాడు, అందుకు క్రమశిక్షణ చర్యకు గురయ్యాడు. కాబట్టి "బదోలియో దీన్ని లొంగుబాటుగా ప్రకటించాడు, ముఖ్తార్ ఒప్పుకోలేదు" అని రాయండి. నాలుగు మాటలు ఎక్కువైనా ఫరవాలేదు.

విచారణ గురించి రాసేటప్పుడు వరస ముఖ్యం. 1931 సెప్టెంబర్ 11న స్లోంతా దగ్గర ఆయన పట్టుబడ్డాడు. పట్టుకున్నది ఇటలీ కొలువులోని స్థానిక అశ్విక దళం, అంటే లిబియా మనుషులే. విచారణ 15వ తేదీ సాయంత్రం జరిగింది, గంటన్నర కూడా పట్టలేదు. 16న సలూక్‌లో సుమారు ఇరవై వేల మందిని తోలుకొచ్చి వాళ్ళ కళ్ళ ముందు ఉరితీశారు. విచారణ మొదలుకాకముందే బదోలియో, సిరెనైకా ఉపగవర్నరు గ్రాజియానికి పంపిన తంతిలో విచారణ జరిపించమనీ, శిక్ష తప్పకుండా మరణమే కావాలనీ ఉంది. ఇది అరబ్బుల ఆరోపణ కాదు, ఇటలీ సొంత కాగితం. "న్యాయస్థానం దోషిగా నిర్ధారించింది" అని రాసి ఈ తంతిని వదిలేస్తే అది తటస్థత ముసుగు వేసుకున్న పక్షపాతమే.

ఉల్లేఖనల సంగతి. "మేము లొంగిపోము, గెలుస్తాం లేదా మరణిస్తాం" అన్న మాట గోడల మీదా చొక్కాల మీదా కనిపిస్తుంది. దానికి అంత ప్రచారం ఇచ్చింది సినిమా. విచారణ నమోదులోని జవాబులు పొట్టివి, పొడివి, దుబాసీ నోటి నుంచి గుమాస్తా కలానికి చేరినవి. పోరాటాలకు బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు, లొంగలేదన్నాడు. ఆ పొడిదనంలోనే నాకు ఆయన ఎక్కువగా కనిపిస్తాడు. సినిమా వాక్యాన్ని వాడాలనుకుంటే "ఆయన మాటగా ప్రచారంలో ఉన్నది" అని రాయండి. ఉరి తర్వాత ఒక పిల్లవాడు ఆయన కళ్ళజోడు తీసుకునే దృశ్యమూ సినిమాదే. ఇంకా అన్యాయమైనది బొమ్మల సంగతి. ముఖ్తార్ పేరుతో తిరిగే చిత్రాల్లో ఆ పాత్ర వేసిన నటుడు ఆంథనీ క్విన్ ముఖం ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. అసలు ఫొటోల్లో ఆయన తెల్లని ఉన్ని దుప్పటి కప్పుకుని, తెల్లగడ్డంతో, చేతులకు గొలుసులతో ఉంటాడు. చుట్టూ ఇటలీ అధికారులు కెమెరా కోసం వరసగా నిలబడి ఉంటారు. అది విజేతలు తీయించుకున్న ఫొటో. కింద శీర్షికలో ఆ ముక్క రాయండి.

"శత్రువు కూడా మెచ్చుకున్నాడు" అన్న వాదన మన రాతల్లో తప్పకుండా వస్తుంది. గ్రాజియాని 1932లో అచ్చువేసిన పుస్తకంలో ముఖ్తార్ చురుకైన బుద్ధి కలవాడనీ, మతవిద్యలో పండితుడనీ, స్వార్థం లేనివాడనీ, పేదగానే మిగిలాడనీ రాశాడు. నిజమే. కానీ ఆ పుస్తకం ఎందుకు రాశాడో కూడా చెప్పాలి. తన గెలుపును చాటుకోవడానికి. ఓడినవాడు ఎంత గొప్పవాడైతే గెలిచినవాడు అంత గొప్పవాడు. అదే పుస్తకం జనాన్ని నిర్బంధించిన శిబిరాలను క్రమశిక్షణ నేర్పే ఏర్పాటుగా వర్ణిస్తుంది. ఒక పేజీని ప్రమాణంగా తీసుకుని మరో పేజీని దాచడం కుదరదు.

శిబిరాల గురించి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే తెలుగు వ్యాసాల్లో ఇది సాధారణంగా ఒక్క వాక్యంతో ముగుస్తుంది. 1930 జూన్ 20న బదోలియో గ్రాజియానికి రాసిన ఉత్తరంలో, తిరుగుబాటుదారులకూ లొంగిన జనానికీ మధ్య వెడల్పైన ఖాళీ నేల సృష్టించాలనీ, దీనివల్ల లొంగిన జనం నాశనమవుతారని తెలిసీ, సిరెనైకా జనాభా అంతా నశించినా సరే చివరిదాకా కొనసాగాలనీ స్పష్టంగా ఉంది. ఆ వేసవి నుంచి జబల్ అఖ్దర్‌లోని సంచార, అర్ధసంచార తెగలను పిల్లాపాపలతో, గుడారాలతో, పశువులతో సహా నడిపించుకుంటూ తీరపు ఎండుభూముల్లోకి తెచ్చారు. సలూక్, మగ్రూన్, మర్సా బ్రెగా, అఘీలా శిబిరాలు ముళ్ళకంచెల మధ్య వెలిశాయి. మొత్తం జనాభా రెండు లక్షలకు అటూ ఇటూ ఉన్న ప్రాంతంలో దాదాపు లక్ష మంది ఇలా కదిలారు. పశువులకు మేత లేదు. మంద పోతే సంచార కుటుంబానికి తిండీ పోతుంది, బట్టా పోతుంది, పెళ్ళి ఖర్చూ పోతుంది. ఆకలి, టైఫస్, విరేచనాలు మిగతా పని చేశాయి. దళాలకు ఆయుధాలు అందకుండా 1931లో ఈజిప్టు సరిహద్దు పొడవునా 270 కిలోమీటర్ల ముళ్ళకంచె వేశారు. 1930లో జావియాలను మూసి, వాటి భూములు జప్తు చేసి, షేక్‌లను ఇటలీలోని ఉస్తికా ద్వీపానికి పంపారు. ముఖ్తార్ ఓడిపోయింది యుద్ధంలో అనడం కన్నా, ఆయన వెనుక ఉన్న జనాన్ని కొండ మీద లేకుండా చేయడం వల్ల అనడం సత్యానికి దగ్గర.

ఎంతమంది చనిపోయారు? ఇటలీ సైనిక చరిత్రకారుడు జోర్జో రోషా వంటివారి అంచనా కనీసం నలభై వేలు. లిబియా మూలానికి చెందిన పండితుడు అలీ అబ్దుల్లతీఫ్ అహ్మిదా అరవై వేలకు పైన అంటాడు. శిబిరాల్లో చావుల నమోదు సరిగా లేకపోవడం, మొదటి జనాభా లెక్కే అంచనా కావడం ఈ తేడాకు కారణం. రెండు అంకెలనూ, ఎవరివో పేర్లతో సహా ఇవ్వండి. సగటు తీసి యాభై వేలనకండి. "లిబియా జనాభాలో సగం" అన్న మాట వాడకండి. అతిశయోక్తి పట్టుబడితే, శిబిరాలే అబద్ధమని వాదించేవాళ్ళకు మనమే ఆయుధం అందించినట్టు. విషవాయువు విషయంలోనూ ఇంతే. 1930 జూలై 31న తాజిర్బూ ఒయాసిస్సు మీద మస్టర్డ్ గ్యాస్ బాంబులు 24 వేశారు. విషవాయువులను నిషేధించిన 1925 జెనీవా ఒప్పందాన్ని ఇటలీ అప్పటికే ఆమోదించి ఉంది. అయితే తాజిర్బూ దక్షిణాన కుఫ్రా వైపు ఎడారిలో ఉంది. "ముఖ్తార్ దళాల మీద విషవాయువు" అని దాన్ని కొండకు తెచ్చి కలపకండి.

శిబిరాల లోపలి గొంతు ఎక్కడ దొరుకుతుందని మీరు అడగవచ్చు. కాగితాలన్నీ ఇటలీవి అయినంత మాత్రాన జనం మూగవాళ్ళు కారు. అఘీలా శిబిరంలో ఉన్న రజబ్ బుహువైష్ అల్ మినీఫీ అక్కడే కట్టిన పొడవాటి కవిత లిబియాలో ఈనాటికీ నోటికి వచ్చినవాళ్ళున్నారు. తనకున్న రోగమల్లా అఘీలా శిబిరమే అంటూ మొదలై, పోయిన బంధువులనూ గుర్రాలనూ, ఆడవాళ్ళకు జరిగిన అవమానాలనూ, కూలిపనినీ ఒక్కొక్కటిగా చెప్పుకుపోతుంది. ఆయన ముఖ్తార్ తెగవాడే. 1970ల చివర ట్రిపోలీలో ఏర్పడిన చరిత్ర పరిశోధన కేంద్రం బతికి ఉన్నవాళ్ళ మౌఖిక సాక్ష్యాలను సేకరించింది. అది గడాఫీ కాలపు సంస్థే కాబట్టి ప్రశ్నలు ఎలా అడిగారో గమనించాలి. అలాగని ఆ సాక్ష్యాలను పక్కన పెట్టి గ్రాజియాని నివేదికలనే "పత్రాలు"గా గౌరవించడం న్యాయం కాదు.

ముఖ్తార్ వైపు కఠినమైన సంగతులనూ దాచవద్దు. దళాలు పన్ను వసూలు చేశాయి, ఇటలీతో చేతులు కలిపినవాళ్ళను శిక్షించాయి. పట్టుబడ్డ ఇద్దరు ఇటలీ విమానసిబ్బంది హతులైన విషయం విచారణలో ఆయన ముందుకు వచ్చింది. ఇటలీ తరఫున లిబియన్లూ, మరో ఇటలీ కాలనీ అయిన ఎరిత్రియా నుంచి తెచ్చిన సిపాయిలూ పోరాడారు. సనూసీ కుటుంబంలోనే కొందరు రాజీకి ఒప్పుకున్నారు. ఇవన్నీ రాస్తే ఆయన స్థాయి తగ్గదు. కాకపోతే వీటిని శిబిరాల పక్కన పెట్టి "ఇరుపక్షాలూ దారుణాలకు పాల్పడ్డాయి" అని ఒకే వాక్యంలో కుక్కకండి. ఒకటి కొన్ని హత్యలు. మరొకటి మొత్తం సమాజాన్ని పెకలించిన ప్రభుత్వ పథకం.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా రెండు మాటలు. మొదటిది సంబోధన. ముఖ్తార్‌కు "ఆయన, అన్నారు", గ్రాజియానికి "వాడు, అన్నాడు" అని వాడితే, పాఠకుడికి మీ తీర్పు మొదటి పేరాలోనే చేరిపోతుంది. ఇద్దరికీ ఒకే రూపం వాడండి. గ్రాజియాని ఏం చేశాడో చెప్తే చాలు, కోపం పాఠకుడికి దానంతట అదే వస్తుంది. రెండోది పోలిక. "లిబియా అల్లూరి" అన్న శీర్షిక మీకు తోచే ఉంటుంది. కాలం కలుస్తుంది. మన్యంలో పోరు 1922 నుంచి 1924 దాకా సాగింది, బ్రిటిషు కాగితాలు దాన్ని పితూరీ అన్నాయి, అక్కడా అణచినవాడి నివేదికే మొదటి ఆధారం. ఆ ఒక్క సాటి కోసం ఒకచోట ప్రస్తావించండి. శీర్షికలో పెడితే మాత్రం పాఠకుడు కొండలో ఒంటరిగా విల్లు పట్టిన యువకుణ్ణి ఊహించుకుంటాడు. పండుముసలి వయసులో ఒక మతసంఘం పాలనను భుజాన వేసుకుని నడిపిన షేక్ అతనికి కనపడడు.

వ్యాసాన్ని ఉరితో ముగించకండి. ముఖ్తార్ తర్వాత నాయకత్వం తీసుకున్న యూసుఫ్ బూ రహీల్ 1931 డిసెంబరులో చనిపోయాడు. 1932 జనవరి 24న బదోలియో తిరుగుబాటు ముగిసిందని ప్రకటించాడు. ఆ తర్వాత కూడా శిబిరాలు వెంటనే మూతపడలేదు. బతికినవాళ్ళు తిరిగొచ్చేసరికి కొండ మీద మంచి నేల ఇటలీ నుంచి వచ్చే రైతులకు కేటాయింపులో ఉంది. గ్రాజియాని మీద 1950లో ఇటలీలో శిక్ష పడింది, కానీ అది జర్మనీ నాజీలతో చేతులు కలిపినందుకు. లిబియాలో చేసినవాటికి ఏ న్యాయస్థానమూ ఆయన్ను పిలవలేదు. 2008లో ఇటలీ లిబియాతో 500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది గడాఫీ గొలుసులతో ఉన్న ముఖ్తార్ ఫొటోను తన సైనిక దుస్తులకు గుచ్చుకుని రోమ్‌లో దిగాడు. ఇటలీలో అన్నాళ్ళూ ఆపి ఉంచిన ఆ సినిమాను టీవీలో చూపించింది కూడా అప్పుడే. 2012లో ఇటలీలోని అఫీలె అనే ఊరు గ్రాజియానికి స్మారకం కట్టింది. ఈ చివరి భాగానికి ముందు, శిబిరాల నుంచి తిరిగొచ్చినవాళ్ళ సంగతి ఒక పూర్తి పేరా రాయండి. చిత్తుప్రతి సిద్ధమయ్యాక సీదీ రహూమా, విచారణ, మృతుల సంఖ్య, ఈ మూడు భాగాలూ ఇక్కడ పెట్టండి, వాక్యం వాక్యం చూస్తాను.